శ్రీలంక తీరానికి విమాన ప్రయాణం: ముందు నెల, తరువాత తీరం, ఆ తరువాతే టికెట్టు

శ్రీలంకకు సెలవులకు వెళ్ళాలనుకునే తెలుగు కుటుంబాలలో చాలామంది ముందు విమాన టికెట్లు కొంటారు, తరువాత హోటలు వెతుకుతారు, ఆ రోజుల్లో సముద్రం ఎలా ఉంటుందో అక్కడ దిగాక తెలుసుకుంటారు. మే నెల సెలవుల్లో బెంతోటకో మిరిస్సకో వెళ్ళి, ఒడ్డున ఎగిరే ఎర్ర జెండాలను, విరుచుకుపడే అలలను చూసి, హోటలు ఈతకొలనులోనే పిల్లలను ఆడించి తిరిగి వచ్చేవారు తక్కువేమీ కాదు. అదే వారంలో అదే ద్వీపపు తూర్పు తీరాన పిల్లలు మోకాలి లోతు నీళ్ళలో నిశ్చింతగా ఆడుకుంటూ ఉంటారు. అందువల్ల ఈ మార్గదర్శిలో వరుసను మార్చాను. మన సెలవులు ఏ నెలలో పడ్డాయో చూసి తీరాన్ని ఎంచుకోవాలి, ఆ తీరం విమానాశ్రయానికి ఎంత దూరమో చూసి విమానం దిగే వేళను నిర్ణయించుకోవాలి, ఆ తరువాతే డబ్బు కట్టాలి.

మొదటి అడుగు: నెలను బట్టి తీరం

శ్రీలంక చిన్న ద్వీపమే అయినా రెండు ఋతుపవనాలు దాన్ని చెరొక వైపు నుంచి తాకుతాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఋతుపవనాల వల్ల పడమటి, దక్షిణ తీరాలలో, అంటే నెగొంబో, బెంతోట, హిక్కడువ, గాల్, ఉనవటున, మిరిస్స ప్రాంతాలలో, వానలతో పాటు అలల ఉధృతి ఎక్కువగా ఉంటుంది. మధ్యనున్న కొండలు ఆ మేఘాలను చాలావరకు ఆపేస్తాయి కనుక తూర్పున ఉన్న ట్రింకోమలీ, పాసికుడా, అరుగం బే ఆ నెలల్లో పొడిగా, ఎండగా ఉంటాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య ఋతుపవనాల వంతు వస్తుంది. అప్పుడు తూర్పు తీరం తడుస్తుంది, దక్షిణ తీరం తేటపడుతుంది.

దీన్ని మన పండుగలకు అన్వయించి చూస్తే లెక్క తేలిపోతుంది. క్రిస్మస్, సంక్రాంతి సెలవులకైతే దక్షిణ తీరానికి వెళ్ళాలి. మార్చి దాకా, కొన్నిసార్లు ఏప్రిల్ మధ్య దాకా కూడా అక్కడ సముద్రం బాగుంటుంది. పరీక్షలు ముగిసిన తరువాత వచ్చే వేసవి సెలవులకు తూర్పు తీరమే సరైనది. దసరా మాత్రం ఇబ్బందికరమైన సమయం. అక్టోబరులో రెండు ఋతుపవనాల మధ్య కాలం నడుస్తుంది కనుక ఏ తీరంలోనైనా మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన పడవచ్చు. దసరా సెప్టెంబరు చివరలో వచ్చిన సంవత్సరాలలో తూర్పు తీరానికి వెళ్ళవచ్చు గానీ, అక్టోబరు రెండవ సగం నుంచి నవంబరు చివరి దాకా సముద్రతీర విహారం పెట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. బంగాళాఖాతంలో తుపానులు పుట్టే కాలం కూడా అదే. 2025 నవంబరు చివరలో దిత్వా తుపాను శ్రీలంకలో తెచ్చిన వరదలు, కొండచరియల విధ్వంసం ఎంత పెద్దదో మనం చూశాం.

నెల కుదిరిన తరువాత క్యాలెండరులో మరో రెండు విషయాలు చూసుకోవాలి. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ నూతన సంవత్సరం వస్తుంది. ఆ రోజుల్లో దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి, బస్సులూ రైళ్ళూ కిక్కిరిసి ఉంటాయి. ప్రతి పౌర్ణమికీ అక్కడ పోయా సెలవు ఉంటుంది, ఆ రోజు మద్యం అమ్మకం ఉండదు. మే నెలలో వచ్చే వెసాక్ పౌర్ణమికి ఊళ్ళన్నీ లాంతర్లతో కళకళలాడతాయి, చూడవలసిన వేడుకే, కానీ బసలు ముందే నిండిపోతాయి.

రెండవ అడుగు: పాస్‌పోర్టులు, వాటిలోని పేర్లు

అక్కడ అడుగుపెట్టే తేదీ నుంచి కనీసం ఆరు నెలలు చెల్లుబాటు ఉండే పాస్‌పోర్టు ప్రతి ఒక్కరికీ కావాలి. పెద్దవారు తమ పాస్‌పోర్టుకు పదేళ్ళ గడువు ఉంటుందన్న ధీమాలో పిల్లల సంగతి మరచిపోతారు. మైనర్ల పాస్‌పోర్టు మామూలుగా అయిదేళ్ళకు, లేదా పద్ధెనిమిదేళ్ళు నిండేవరకు, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. వేసవి ప్రయాణం అనుకుంటే ఫిబ్రవరిలోనే అందరి పాస్‌పోర్టులూ బల్ల మీద పరచి తేదీలు చూసుకోవాలి; ఏప్రిల్ వచ్చేసరికి పాస్‌పోర్టు సేవా కేంద్రాల్లో రద్దీ పెరుగుతుంది.

పేర్ల విషయంలో తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, బ్యాంకు ఖాతాలో పేరు చివర ఉండటం మనలో సర్వసాధారణం. టికెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు, ఆ గడిలో ఏం రాయాలన్నది ఒక్కో విమాన సంస్థకు ఒక్కో పద్ధతి కనుక, టికెట్టు కొనే ముందే ఆ సంస్థను అడగాలి. కొన్న తరువాత పేరు దిద్దించుకోవడానికి అయ్యే ఖర్చు, ఆందోళన రెండూ ఎక్కువే.

మూడవ అడుగు: ఇటిఎ అనుమతి

భారతీయులు శ్రీలంకకు వెళ్ళడానికి ఇటిఎ అనే ముందస్తు ఎలక్ట్రానిక్ అనుమతి తీసుకుంటారు. పర్యాటకులకు మామూలుగా దీన్ని 30 రోజులకు ఇస్తారు. దీని రుసుము, మినహాయింపుల నిబంధనలు ఈ మధ్య సంవత్సరాలలో పలుమార్లు మారాయి. కాబట్టి నిరుడు వెళ్ళివచ్చిన బంధువు చెప్పిన లెక్కను నమ్ముకోకుండా, దరఖాస్తు చేసే రోజున శ్రీలంక ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నదే ప్రమాణంగా తీసుకోవాలి. సెర్చ్‌లో పైపైన కనిపించే అనేక సైట్లు ప్రభుత్వానివి కావు, అదనపు డబ్బు వసూలు చేసే మధ్యవర్తులవి. చిరునామా చివర ‘డాట్ గవ్ డాట్ ఎల్‌కె’ ఉందో లేదో చూసిన తరువాతే వివరాలు నింపాలి.

నింపేటప్పుడు ఎక్కువగా పొరపాటు జరిగేది పాస్‌పోర్టు నంబరు దగ్గర. మన పాస్‌పోర్టు నంబరులో మొదటిది ఆంగ్ల అక్షరం, తరువాతి ఏడూ అంకెలు. కనుక మొదటి గడి దాటాక గుండ్రంగా కనిపించేది ఏదైనా సున్నాయే, ‘ఓ’ అక్షరం కాదు. పుట్టిన తేదీలో రోజు, నెల తారుమారు కాకుండా చూసుకోవాలి. అనుమతి ఈమెయిలులో వస్తుంది. ఫోనులో ఉన్నా సరే, ప్రతి ఒక్కరిదీ ఒక కాగితం ప్రతి తీసి, తిరుగు టికెట్టు, హోటలు బుకింగు ప్రతులతో కలిపి ఒకే కవరులో పెట్టుకోవాలి. చెక్-ఇన్ కౌంటరు దగ్గర, అక్కడి ఇమిగ్రేషన్ దగ్గర అడిగేవి ఇవే.

నాలుగవ అడుగు: విమానం

శంషాబాద్ నుంచి కొలంబోకు శ్రీలంకన్ ఎయిర్‌లైన్స్, ఇండిగో నేరు విమానాలు నడిపాయి. ప్రయాణం రెండు గంటలు. ఇప్పుడు నడుస్తున్నాయా, వారంలో ఏ రోజుల్లో అన్నది ఋతువును బట్టి మారుతుంది కనుక తేదీలు ఖరారు చేసుకునే ముందు చూసుకోవాలి. చెన్నై నుంచి గంటన్నర లోపే, రోజుకు ఎక్కువ విమానాలు. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వాసులు హైదరాబాదు మాట తలపెట్టకుండా రోడ్డు మార్గంలో నేరుగా చెన్నై విమానాశ్రయానికి వెళ్ళడమే తెలివైన పని. విజయవాడ, విశాఖపట్నం నుంచి వెళ్ళేవారు చెన్నై, హైదరాబాదు, బెంగళూరు నగరాలలో ఒకచోట మారే ఏర్పాటు చేసుకోవాలి.

మారవలసి వచ్చినప్పుడు రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్ కింద ఉండేలా కొనడం మేలు. అలా ఉంటే మొదటి విమానం ఆలస్యమైనా తరువాతి ఏర్పాటు బాధ్యత సంస్థ మీద ఉంటుంది, సామాను కూడా సాధారణంగా నేరుగా కొలంబోకే వెళుతుంది; సామాను ట్యాగు మీద ఏ ఊరు రాశారో కౌంటరు దగ్గరే చదివి చూసుకోవాలి. విడివిడి టికెట్లు కొంటే మధ్యలో సామాను తీసుకుని, టెర్మినల్ మారి, మళ్ళీ చెక్-ఇన్ చేసి, ఇమిగ్రేషన్ దాటాలి. దానికి కనీసం నాలుగు గంటల వ్యవధి ఉంచుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది దిగే వేళ. కొలంబో విమానాశ్రయం నగరంలో లేదు, ఉత్తరాన ముప్ఫై కిలోమీటర్లకు పైగా దూరంలో కటునాయక దగ్గర ఉంది. ట్రింకోమలీ వెళ్ళేవారికి అక్కడి నుంచి రోడ్డు మీద అయిదారు గంటలు పడుతుంది కనుక ఉదయం దిగే విమానమే తీసుకోవాలి. సాయంత్రం గానీ రాత్రి గానీ దిగే విమానం తప్ప దొరకకపోతే, ఆ రాత్రికి అరగంట దూరంలోని నెగొంబోలో బస చేసి తెల్లవారి బయలుదేరడం మంచిది. పిల్లలతో, పెద్దవారితో రాత్రంతా తెలియని రోడ్డు మీద వెళ్ళడం నేను ఎవరికీ సలహా ఇవ్వను.

ఒక చిన్న మాట: కొలంబో వైపు వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ సీటు అడగండి. మబ్బులు లేని పగటిపూట, పాక్ జలసంధి దాటే సమయంలో ధనుష్కోటికి, మన్నార్‌కు మధ్య రామసేతు ఇసుక దిబ్బలు నీలి నీటిలో లేత పసుపు గీతగా కనిపించే అవకాశం ఉంది.

అయిదవ అడుగు: డబ్బు, ఫోను, సామాను

ఒక భారతీయ రూపాయికి మూడు శ్రీలంక రూపాయలకు పైగా వస్తాయి. ధరలు వేలల్లో కనిపించినా కంగారు పడనక్కరలేదు. 2024 ఫిబ్రవరిలో శ్రీలంకలో యూపీఐ చెల్లింపులు మొదలయ్యాయి. లంకా క్యూఆర్ గుర్తు ఉన్న దుకాణాలలో మన యాప్‌తో చెల్లించవచ్చు, అయితే బయలుదేరే ముందే యాప్‌లో అంతర్జాతీయ యూపీఐ అనే ఎంపికను తెరిచి ఉంచుకోవాలి. డెబిట్, క్రెడిట్ కార్డులలో కూడా విదేశీ వాడకం చాలావరకు మూసే ఉంటుంది. బ్యాంకు యాప్‌లో దాన్ని తెరిచి, పరిమితి పెట్టుకోవాలి. ఆటోలకు, చిన్న హోటళ్ళకు, గుడి దగ్గర పూలకు నగదే కావాలి కనుక విమానాశ్రయంలోని బ్యాంకు కౌంటర్లలో కొంత మార్చుకుని, రసీదు దాచుకోవాలి. మన నోట్లను మనిషికి ఇరవై అయిదు వేల రూపాయల వరకే దేశం బయటకు తీసుకువెళ్ళనిస్తారు. ట్రావెల్ ఏజెంటు ద్వారా ప్యాకేజీ కొంటే పాన్ నంబరు మీద టీసీఎస్ (అమ్మేవారే ముందుగా పట్టుకునే పన్ను) వసూలు చేస్తారు; ఆ మొత్తాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చని చాలామందికి తెలియదు.

ఆగమన హాలులోనే డయలాగ్, మొబిటెల్ సిమ్ కౌంటర్లు ఉంటాయి. పాస్‌పోర్టు చూపి పర్యాటకుల ప్యాకేజీ తీసుకుంటే సరిపోతుంది. గడియారం మార్చే పని లేదు, అక్కడి సమయం మన సమయమే. ప్లగ్గులు మాత్రం చాలాచోట్ల మూడు బల్లపరుపు పిన్నులవి. ఒక అడాప్టరు వెంట ఉండాలి.

సామాను దగ్గర మన ఇళ్ళలో ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఆవకాయ. నూనె ఉన్న పచ్చడిని చేతి సంచిలో భద్రతా తనిఖీ దాటనివ్వరు. సీసాకు బదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో నింపి, మూతకు టేపు చుట్టి, రెండు జిప్ కవర్లలో పెట్టి చెక్-ఇన్ పెట్టెలో మధ్యన సర్దాలి. కారప్పొడి, కందిపొడి కూడా ఆ పెట్టెలోనే ఉంచడం మేలు. ఎండుకొబ్బరి విమానంలో నిషిద్ధం, ఇంట్లోనే వదిలెయ్యండి. తాజా పండ్లు, మొక్కలు, విత్తనాలు అనుమతి లేకుండా శ్రీలంకలోకి తీసుకువెళ్ళకూడదు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. డ్రోనుకు అక్కడి పౌర విమానయాన అధికారుల అనుమతి కావాలి కనుక కుటుంబ విహారానికి దాన్ని తీసుకువెళ్ళకపోవడమే నయం.

ఆరవ అడుగు: కటునాయక నుంచి తీరానికి

దక్షిణ తీరానికి వెళ్ళేవారికి దారి సులువు. విమానాశ్రయం నుంచి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే, కొలంబో నగరంలోకి దిగకుండానే బయటి వలయ రహదారి మీదుగా దక్షిణ ఎక్స్‌ప్రెస్‌వే చేరవచ్చు. బెంతోటకు సుమారు రెండు గంటలు, గాల్‌కు రెండున్నర, మిరిస్సకు మూడు గంటలు పడుతుంది. టాక్సీ మాట్లాడుకునేటప్పుడు టోలు ఛార్జీలు కలిపి చెప్పారా, విడిగా ఇవ్వాలా అన్నది ముందే తేల్చుకోవాలి. కొలంబో పరిసరాలలో, పెద్ద పట్టణాలలో టాక్సీ పిలిచే పిక్‌మీ యాప్ బాగా పనిచేస్తుంది, ఆటోలు కూడా అందులోనే దొరుకుతాయి.

తొందర లేనివారికి, సామాను తక్కువగా ఉన్నవారికి మాత్రం కొలంబో ఫోర్ట్ స్టేషను నుంచి తీరం వెంబడి వెళ్ళే రైలును మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. దక్షిణానికి వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చోవాలి. చాలాచోట్ల పట్టాలకు, సముద్రానికి మధ్య నల్లని బండరాళ్ళ వరస, నాలుగైదు కొబ్బరిచెట్లు తప్ప ఇంకేమీ ఉండవు, తెరిచిన కిటికీలోంచి ఉప్పునీటి తుంపర ముఖానికి తగులుతుంది. గాల్‌కు మూడు గంటల లోపు ప్రయాణం. హిక్కడువ దగ్గర పెరలియలో 2004 డిసెంబరు 26న సునామీ ఇదే మార్గంలో వెళుతున్న రైలును ముంచెత్తి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. అక్కడ స్మారకాలు ఉన్నాయి. మన నెల్లూరు, ప్రకాశం, కృష్ణా తీరాలలో కూడా ప్రాణాలు బలిగొన్నది ఆ సునామీయే కనుక అక్కడ కాసేపు ఆగి వెళ్ళాలనిపిస్తుంది.

గాల్ కోటకు ఒక పూట కేటాయించాలి. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు మొదలుపెట్టిన ఈ కోటను తరువాతి శతాబ్దంలో డచ్చివారు ఇప్పటి రూపానికి తెచ్చారు. 1988 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. ఇది జనం కాపురాలున్న కోట. సాయంత్రం ప్రాకారం మీద నడుస్తుంటే ఒకవైపు సముద్రం, మరోవైపు బడి, మసీదు, చర్చి, పెంకుటిళ్ళు కనిపిస్తాయి.

తూర్పు తీరపు దారి పొడవైనది గానీ దండగ కాదు. కటునాయక నుంచి కురునేగల, దంబుల్ల, హబరణ మీదుగా ట్రింకోమలీ చేరే ఈ దారికి దగ్గరలోనే పెద్ద శిల మీద ప్రాచీన కోట ఉన్న సిగిరియ ఉంది. ఒక రాత్రి దంబుల్ల ప్రాంతంలో ఆగి, తెల్లవారుజామున ఎండ ఎక్కకముందే సిగిరియ శిలను ఎక్కి, మధ్యాహ్నానికి తీరం చేరేలా ప్రణాళిక వేసుకుంటే ప్రయాణ శ్రమ సగం తగ్గుతుంది. సిగిరియ ప్రవేశ రుసుములో మన దేశం కూడా ఉన్న సార్క్ కూటమి దేశాల పౌరులకు రాయితీ ఉంది, దానికోసం అసలు పాస్‌పోర్టు వెంట ఉండాలి.

ట్రింకోమలీలో బస ఊళ్ళో కాకుండా ఉత్తరాన ఉన్న ఉప్పువెలిలో గానీ నీలావెలిలో గానీ చూసుకోవాలి. నీలావెలి నుంచి పడవ మీద పిజన్ ఐలాండ్ జాతీయ ఉద్యానవనానికి వెళ్ళవచ్చు. అక్కడ ముక్కుగొట్టం పెట్టుకుని నీటిపై తేలుతూ పగడపు దిబ్బలను, మనుషుల జోలికి రాని చిన్న సొరచేపలను చూడవచ్చు. చిన్నపిల్లలున్నవారికి పాసికుడా ఇంకా మంచిది, అక్కడ ఒడ్డు నుంచి చాలా దూరం దాకా లోతు తక్కువ.

తెలుగువారు ట్రింకోమలీ వెళ్ళడానికి మరో కారణం కూడా ఉంది. మనం అలంపురం, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామాలను లెక్కించుకునే అష్టాదశ శక్తిపీఠాల వరుసలో మొదటిది లంకలోని శాంకరీదేవి. సముద్రంలోకి చొచ్చుకువచ్చిన కొండ మీది కోనేశ్వరాలయం పక్కనే అమ్మవారి గుడి ఉంది. 17వ శతాబ్దంలో పోర్చుగీసువారు పాత ఆలయాన్ని కూల్చి ఆ రాళ్ళతో కోట కట్టుకున్నారు. ఇప్పుడు మనం చూసేది ఆ తరువాత కట్టినది. గుడికి ఆ కోట లోపలి నుంచే వెళ్ళాలి, దారిలో మచ్చల జింకలు తిరుగుతూ ఉంటాయి.

ఏడవ అడుగు: నీళ్ళలో దిగే ముందు

ఋతువు సరైనదే అయినా దక్షిణ తీరంలో కొన్నిచోట్ల ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహాలు ఉంటాయి. ఎర్ర జెండా ఉంటే నీళ్ళలో దిగకూడదు. జెండా లేని నిర్జన తీరమైతే స్థానిక జాలరులను అడిగి దిగాలి. ప్రవాహం లాగుతున్నట్టు అనిపిస్తే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం ఈది ఆ పట్టు నుంచి బయటపడి, అప్పుడు ఒడ్డుకు మళ్ళాలి. ఈ ఒక్క సంగతి కుటుంబంలో ప్రతి ఒక్కరికీ బయలుదేరే ముందే చెప్పి, పిల్లలతో తిరిగి చెప్పించుకోండి.

మిరిస్స నుంచి నవంబరు, ఏప్రిల్ నెలల మధ్య తిమింగలాలను చూడటానికి పడవలు తెల్లవారగానే బయలుదేరతాయి. నీలి తిమింగలాలు కనిపించే అరుదైన చోట్లలో అది ఒకటి. సముద్రంలో కడుపు తిప్పేవారు వైద్యుణ్ణి అడిగి మాత్ర ముందే వేసుకోవాలి. తిమింగలానికి మరీ దగ్గరగా తీసుకువెళతామని ఊరించే పడవను ఎక్కకండి. హిక్కడువలో తాబేళ్ళు ఒడ్డు దాకా వస్తాయి, వాటిని తాకవద్దు, ఎత్తవద్దు. పగడాల మీద కాలు మోపకూడదు, ముక్కలు ఏరి తెచ్చుకోకూడదు.

శాకాహారులకు ఒక హెచ్చరిక

అన్నం, నాలుగైదు కూరలతో ఉండే రైస్ అండ్ కర్రీ మనకు బాగా నచ్చే భోజనం. అందులో పరిప్పు మన పప్పుకు దగ్గరి చుట్టమే. అయితే పక్కన వడ్డించే పోల్ సాంబోల్ అనే కొబ్బరి పచ్చడిలో ఉంబలకడ అనే ఎండుచేప పొడి కలిపే అలవాటు ఉంది, కూరల్లో కూడా వేస్తారు. పైకి కనిపించదు, కాబట్టి శాకాహారమని చెప్పడంతో ఆగకుండా ‘ఉంబలకడ వద్దు’ అని పేరు పెట్టి చెప్పాలి. తమిళులు ఎక్కువగా ఉండే ట్రింకోమలీలో ‘సైవం’ అని అడిగితే ఇడ్లీ, దోసె, పూర్తి శాకాహార భోజనం సులువుగా దొరుకుతాయి.

బౌద్ధాలయాలకు వెళ్ళేటప్పుడు మోకాళ్ళు, భుజాలు కప్పే దుస్తులు వేసుకోవాలి. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగడాన్ని అక్కడివారు అవమానంగా భావిస్తారు.

తిరుగు ప్రయాణం

చివరి రాత్రి ట్రింకోమలీలోనో మిరిస్సలోనో గడిపి అటునుంచి అటే విమానం అందుకోవాలని చూడకండి. దారిలో ఒక్క టైరు పంచరైనా నలుగురి టికెట్లు పోతాయి. ఆ రాత్రి నెగొంబోకు వచ్చి ఉంటే ఉదయాన్నే అక్కడి చేపల బజారు చూడవచ్చు, దాల్చినచెక్క, సిలోన్ తేయాకు తీరికగా కొనుక్కోవచ్చు, విమానాశ్రయానికి అరగంటలో చేరవచ్చు. కటునాయకలో సామాను తనిఖీ, చెక్-ఇన్, ఇమిగ్రేషన్ వరుసలకు సమయం పడుతుంది కనుక మూడు గంటల ముందే లోపల ఉండాలి. మిగిలిన శ్రీలంక రూపాయలను ఇమిగ్రేషన్ దాటకముందే, దాచుకున్న రసీదు చూపి బ్యాంకు కౌంటరులో మార్చుకోండి. మన ఊళ్ళో వాటిని తీసుకునేవారు దొరకడం కష్టం.